దవడ మీద రాయి పనితనం

చర్మం మీద లాగే చైనా వాళ్ల గువా షా రాయి అరచేతిలో ఇమిడిపోతుంది. పనితనమంతా దాని అంచుల్లోనే ఉంది. ఓ పక్కన ఉండే పల్లం దవడ ఎముకను పైనా కిందా పట్టుకుని నడవడానికే. ముందు నాలుగు చుక్కల నూనె రాయాలి, లేకపోతే రాయి జారదు, చర్మాన్ని గుంజుతుంది. ఒక చేత్తో గడ్డం దగ్గర చర్మాన్ని నిలిపి, రెండో చేత్తో రాయిని దాదాపు పడుకోబెట్టి చెవి తమ్మె దాకా తాపీగా లాగి, మెడ పక్కగా కిందికి దింపాలి. ఒంటికి చేసే గువా షాలో ఎర్రటి చారలు తేలడం మామూలే. ముఖం మీద మాత్రం తేలకూడదు. దీంతో ఎముక మారుతుందా, కొవ్వు కరుగుతుందా అంటే, లేదు. అలా చెప్పి అమ్మేవాళ్లను నమ్మనక్కర్లేదు. కానీ రాత్రి నిద్రలో ముఖానికి చేరిన నీరు కొంత పక్కకు జరిగి, దవడ అంచు కాసేపు తేటపడుతుంది. వేళ్లు చాలవా అనొచ్చు. చాలు, నిజమే. అయితే వేలి కొస ఒత్తిడి ఒకచోటే పడుతుంది, రాయి దాన్ని అంచు పొడవునా పరుస్తుంది, చల్లదనం అదనం. అద్దానికి అందని లాభం ఇంకొకటుంది: పళ్లు బిగించే అలవాటున్నవాళ్లకు చెవి ముందు గట్టిపడిన నమిలే కండరం, రాయి నెమ్మదిగా తిరిగేకొద్దీ సడలుతుంది.