తెగడానికే కుట్టిన పట్టీ

గుర్రం తలకు తొడిగే హాల్టర్లలో ఒక రకం ఉంది. ముక్కు చుట్టూ, దవడల పక్కగా పోయే పట్టీలన్నీ గట్టి నైలాను. చెవుల వెనకగా తల మీంచి పోయే ఒక్క ముక్క మాత్రం తోలు. నైలాను చాలక అతుకు వేశారేమో అనిపిస్తుంది గానీ, అసలు పనితనమంతా ఆ అతుకులోనే ఉంది. ట్రైలర్లో కట్టేసిన గుర్రం బెదిరి, అయిదు వందల కిలోల ఒంటితో వెనక్కి గుంజుకుంటే నైలాను తెగదు. పట్టీ తెగకపోతే దెబ్బ మెడకు తగులుతుంది. తోలైతే ముందే తెగిపోతుంది. ఆ తర్వాత బకిల్ విప్పి కొత్త తోలుముక్క వేసుకుంటే హాల్టర్ మళ్లీ పనికొస్తుంది.

డాలస్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకు పికప్ ట్రక్కు వెనక గుర్రపు ట్రైలరు పోతుండడం కొత్తేమీ కాదు. పక్కనుంచి దాటిపోయేటప్పుడు మనకు కనిపించనిది లోపలి సరుకు సంగతి. అది నిలబడే ప్రయాణం చేస్తుంది, బరువు ఒక కాలి మీంచి మరో కాలికి మారుస్తుంది, భయపడుతుంది. అందుకే ఆ ట్రైలరు లాగేవాళ్లు వెంట పెట్టుకునే సామానులో బాగా చేసిన ప్రతి వస్తువూ ఏది పట్టు వదలకూడదో, ఏది వదిలి తీరాలో ముందే తేల్చుకున్నట్టుంటుంది.

గుర్రాన్ని ట్రైలరు గోడకు కట్టే తాడు కొక్కేన్నే చూడండి. మామూలు కొక్కెం తాడు బిగిసి ఉండగా తెరుచుకోదు, కాస్త సడలిస్తే గానీ మీట కదలదు. బెదిరిన గుర్రం మన కోసం తాడు సడలిస్తుందా? ప్యానిక్ స్నాప్ అనే కొక్కెంలో వంపు కొసను ఒక చిన్న గొట్టం కప్పి పట్టుకుంటుంది. ఆ గొట్టాన్ని వేళ్లతో జరిపితే చాలు, వంపు పక్కకు తిరిగి విడిపోతుంది. తాడు బిగువు దానికి అడ్డు కాకపోగా తెరవడానికి సాయపడుతుంది. ఈ కొక్కేన్ని గోడ వైపు ఉండేట్టు పెట్టుకుంటే, తల విసురుతున్న గుర్రం దగ్గరికి చేతులు పోనివ్వక్కర్లేదు. ఇంత ఉన్నా జేబులో పదునైన చాకు ఒకటి ఉండాల్సిందే.

చాలామంది ఈ ఖర్చు లేకుండా గడ్డిమోపు కట్టే పురికొసను ఉంగరంలా ముడేసి, తాడును దానికి కడతారు. గుంజితే పురికొస తెగుతుందని లెక్క. సీసల్ నార రోజుల్లో ఆ లెక్క సరైందే. ఇప్పటి ప్లాస్టిక్ పురికొస అంత తేలిగ్గా తెగదు. అలవాటు పాతదే ఉండిపోయింది, దారం మారిపోయింది. నా మట్టుకు తోలే నయం.

బండికీ ట్రైలరుకూ మధ్య ఇదే ఆలోచన తిరగబడుతుంది. ఇక్కడ ఏదీ ఊడకూడదు. రెంటినీ కలిపే హిచ్ కింద రెండు గొలుసులను అడ్డంగా, ఒకదాని మీద ఒకటి దాటేట్టు వేస్తారు. హిచ్ ఊడితే ట్రైలరు ముక్కు నేలను గుద్దుకోకుండా ఆ గొలుసుల మీద ఆగుతుంది. అవీ తెగితే? అప్పటి కోసం ట్రైలరు ముందు భాగంలో ఒక చిన్న డబ్బా, అందులో ఒక పిన్ను, దాన్నుంచి బండికి సన్నటి ఇనుప తీగ. ట్రైలరు విడిపోయిందంటే తీగ పిన్నును లాగేస్తుంది, డబ్బాలో రెండు లోహపు రేకులు కలుసుకుంటాయి, ట్రైలరు మీదున్న 12 వోల్టుల బ్యాటరీ ఎలక్ట్రిక్ బ్రేకులను బిగిస్తుంది. ఆ బ్రేకులు కనీసం 15 నిమిషాలు పట్టి ఉంచాలని అమెరికా ఫెడరల్ నియమాలు వాణిజ్య వాహనాలకు చెబుతున్నాయి. ఈ తీగను తగిలించాల్సింది బండి చట్రానికి. హిచ్‌కు తగిలిస్తే, హిచ్చే ఊడొచ్చిన రోజున తీగ కూడా ట్రైలరుతోనే పోతుంది, పిన్ను కదలదు. బ్యాటరీలో చార్జి లేకపోయినా అంతే సంగతులు.

పంక్చరు పడితే మామూలు జాకీ పనికిరాదని కాదు గానీ, దాని మీద నిలబెట్టిన బరువు లోపల అటూ ఇటూ కదులుతుంటుంది. గుర్రాలను దింపుదామంటే పక్కనే లారీలు దూసుకుపోయే రోడ్డు. దీనికి దొరికిన జవాబు ఎంత సాదాదంటే, కదిలే భాగం ఒక్కటీ లేదు: పైన చక్రం కుదురుకోవడానికి పల్లమున్న వాలు దిమ్మె. రెండు ఇరుసుల ట్రైలర్లో ఒక్కో పక్క రెండేసి చక్రాలుంటాయి గదా. దిగిపోయిన టైరు నట్లు ముందే కాస్త వదులు చేసి, దాని జంట చక్రాన్ని దిమ్మె మీదికి ఎక్కిస్తే దిగిపోయింది గాల్లోకి లేస్తుంది. మిగతా చక్రాలకు అడ్డుదిమ్మెలు పెట్టి స్టెప్నీ మార్చేయొచ్చు. గుర్రాలు లోపలే ఉంటాయి. ఒంటి ఇరుసు ట్రైలరుకు ఈ ఉపాయం పారదు. పానా ట్రైలరు నట్లకు సరిపోయేదే ఉండాలి, బండిది సరిపోతుందన్న నమ్మకం లేదు. స్టెప్నీ వాడకుండానే ముసలిదైపోతుంది కాబట్టి టైరు పక్కన చివరి నాలుగంకెలు చదవాలి: 2319 అంటే 2019లో 23వ వారం తయారీ.

మిగతావి చప్పున చెప్పేస్తాను. మూడు మెరుపు త్రిభుజాలు, ఎండుగడ్డి దగ్గర నిప్పు వెలిగించే ఫ్లేర్ల కన్నా అవే మేలు. థర్మామీటరు, విశ్రాంతిలో గుర్రానికి 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్ మామూలు. గాజుగుడ్డ, అంటుకునే కట్టుగుడ్డ, పసిపిల్లల డైపర్లు. డెక్కకు గాయమైతే కట్టడానికి డైపరంత చక్కగా అమిరేది మరోటి లేదు. ఇంటి నీళ్లు కూడా మోసుకెళ్లాలి, కొత్త ఊరి నీళ్లు వాసన చూసి ముట్టని గుర్రాలుంటాయి. దారిలో ఆగినచోట తల దించనివ్వాలి. గంటల తరబడి తల పైకే ఉంటే ముక్కులో చేరిన దుమ్మూ చీమిడీ బయటికి రాక ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంటుంది.

కాగితాల్లో కాగిన్స్ పరీక్ష ఫలితం ఒకటి. గుర్రాలకు వచ్చే అంటు రక్తహీనత లేదని చూపే ఆ రక్తపరీక్షకు దాన్ని కనిపెట్టిన లీరాయ్ కాగిన్స్ పేరు పెట్టారు. రాష్ట్రం దాటేటప్పుడు అడుగుతారు. దాని పక్కనే తెలివైనవాళ్లు మరో కాగితం సంతకం పెట్టి ఉంచుతారు: ప్రమాదంలో డ్రైవరు మాట్లాడలేని స్థితిలో ఉంటే, గుర్రానికి ఎంత ఖర్చు వరకు వైద్యం చేయించవచ్చో, ఎవరికి ఫోన్ చేయాలో, చివరి నిర్ణయం ఎవరిదో.