తిట్టును బూతును

ఆలంకారికులు అశ్లీలమును మూడు తెఱగులుగ విభజించిరి. వ్రీడను గలిగించునది యొకటి, జుగుప్సను గలిగించునది యొకటి, అమంగళమును స్ఫురింపజేయునది యొకటి. వామనుడు కావ్యాలంకారసూత్రములందును మమ్మటుడు కావ్యప్రకాశమందును జెప్పిన యీ విభాగము కావ్యదోషముల నెన్నుటకై యేర్పడినదే. ఐనను నేటి తెలుగువారి నిత్యసంభాషణమున బూతు పెచ్చుపెరుగుచున్న తీరును దెలియుటకు దీనికంటె మేలైన కొలబద్ద దొరకదు.

కదిరి పుట్టపర్తుల నడుమనున్న నల్లమాడ ప్రాంతమును దృష్టాంతముగ గొనవచ్చును. అది అనంతపురసీమలోని మెట్టభూమి. ఆ సీమలో సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన గురియును. అదియు వేళకు రాదు. నీటికొఱకును గట్టుకొఱకును తగవులు పుట్టుట యిట్టిచోట సహజము. అట్టి తగవులలో ఇచ్చటను దక్కిన తెలుగునాటను వినవచ్చు ప్రాత తిట్లు చూడదగినవి. "నీ యిల్లు గూల", "నీ మొగము మండ", "నీ నోట మన్నుపడ" - ఇవి యన్నియు నమంగళములే. వీనిలో వ్రీడ లేదు. ప్రతిదియు గ్రియతో ముగియు వాక్యము. "నీ కడుపు చల్లగుండ" యను దీవెనయు "నీ కడుపు గాల" యను తిట్టును ఒక్క మూసలో బోసినవి. "నీ దుంపతెగ" యనుచు మనుమని ముద్దాడు అవ్వలును గలరు.

వేములవాడ భీమకవి తిట్టిన నది ఫలించునని లోకము నమ్మెను. ఆ కథలు చరిత్రము గాకపోవచ్చును. కాని మాటకు బలము గలదని నమ్మినవాడు దానిని పొదుపుగ వాడును. కదిరి చెంత కటారుపల్లెలో సమాధి గలదని ప్రసిద్ధుడైన వేమనయు మృదుభాషి గాడు. అతని పేర జెల్లు పద్యములలో గొన్ని సభలో జదువరానివి. అయినను అతని పరుషోక్తికి గుఱి యుండును.

నేడు ప్రబలుచున్నది వ్రీడాకరమైన తెగ. ఇందు గ్రియ నశించినది. తల్లిని, అక్కచెల్లెండ్రను దలపించు నామపదము మాత్రము మిగిలి ఊతపదమైనది. కోపముతో బనిలేదు. స్నేహితుని బిలుచుటకును, బస్సు తప్పినందులకును, క్రికెట్టులో వికెట్టు పడినందులకును అదియే మాట. బెంగుళూరికి బనికి బోయినవారు పరభాషలనుండి దీనిని దెచ్చిరని నెపము వేయువారు గలరు. తల్లిని దిట్టుటకు బరభాషను యాచింపవలసిన దారిద్ర్యము తెలుగున కెన్నడును లేదు. 2023వ సంవత్సరము మార్చిలో నెట్‌ఫ్లిక్సునందు వెలువడిన "రానానాయుడు" తెలుగు సంభాషణములలోని బూతులకు బలువురు ప్రేక్షకులు నొచ్చుకొనిరి. అది యింటిల్లిపాది కూర్చుండి చూడదగినది కాదనిరి. వీధిలో నదే మాటను ఇంటిల్లిపాదియు నిత్యము వినుచునే యున్నారు.

శాసనమును లేకపోలేదు. 2024 జూలై 1వ తేదినుండి యమలులోనున్న భారతీయ న్యాయసంహిత 296వ విభాగము ప్రకారము, బహిరంగస్థలమున నితరులు నొచ్చునట్లు అశ్లీలపదములు పలికినవారికి మూడునెలలవఱకు గారాగారముగాని, వేయి రూపాయలవఱకు జుల్మానాగాని, రెండునుగాని విధింపవచ్చును. కాని నొచ్చితినని చెప్పువా రుండవలెను గదా. ప్రాత తిట్టు ఎదుటివానికే తగులును. ఈ బూతు వానికి దగులదు, వాడు నవ్వుచున్నాడు. తగవులో లేని వాని తల్లికి దగులుచున్నది. కొళాయికడ బిందెతో నిలిచిన యామె విని, మొగము ప్రక్కకు ద్రిప్పుకొని, తనవంతు నీళ్లు పట్టుకొని పోవుచున్నది.