తిన్నడి వేషం ఎవరికి?

మా బడిలో సగంమంది పిల్లల చొక్కాల మీద స్పైడర్ మ్యాన్ ఉంటాడు. సూళ్లూరుపేట అంగళ్లలో చవగ్గా దొరికే చొక్కాలు అవి. పులికాట్ సరస్సులో నడుం లోతు నీళ్లలో రొయ్యలు తడుముకుంటూ తిరిగిన యానాది తండ్రి సాయంత్రం ఇంటికొచ్చేసరికి, ఆ చొక్కా తొడుక్కున్న కొడుకు గట్టు మీది నుంచి చేతులు చాచి దూకుతూ కనిపిస్తాడు. ఆకాశంలోకి ఎగరడం మా పిల్లలకు వింత కాదు. శ్రీహరికోటలో రాకెట్ లేస్తే మా కిటికీలు అదురుతాయి. ఆ రాకెట్ల కోసమే దీవి అడవిలోని యానాదులు ఇళ్లు వదిలి కదలవలసి వచ్చిందని ముసలివాళ్లు చెబుతారు. పిల్లలు అదీ వింటారు, మళ్లీ ఎగరడానికి పోతారు.

అమెరికాలో ఆ స్పైడర్ మ్యాన్ గురించే ఒక తగాదా నడిచింది. 2011లో అక్కడి బొమ్మల పుస్తకాల్లో మైల్స్ మొరాలెస్ అనే నల్లజాతి కుర్రవాడు ఆ ముసుగు వేసుకున్నాడు. అదే సంవత్సరం 'థోర్' సినిమాలో ఉత్తర యూరప్ పురాణాల దేవుడి వేషం ఇద్రిస్ ఎల్బా అనే నల్లజాతి నటుడికి ఇచ్చారు. తెల్ల దేవుడు నల్లగా ఎలా ఉంటాడని కొందరు మండిపడ్డారు. పాతకాలం నుంచి తెల్లగా ఉన్నవాణ్ని మార్చడం మోసమన్నారు. దీని గురించి మా ఉపాధ్యాయుల గదిలో మాట్లాడుకున్నప్పుడు, మన దగ్గర ఇలాంటి గొడవ లేదులే అనుకున్నాం. తర్వాత తిన్నడు గుర్తొచ్చాడు.

తిన్నడు ఎక్కడివాడో కాదు, మా జిల్లావాడు. స్వర్ణముఖి ఒడ్డున శ్రీకాళహస్తిలో గుడి పక్కనే కన్నప్ప కొండ ఉంది. శివరాత్రి బ్రహ్మోత్సవాల్లో మొదటి ధ్వజారోహణం స్వామికి కాదు, ఆ కొండ మీద కన్నప్పకు జరుగుతుంది. అతణ్ని బోయ అంటారు, ఎరుకు అంటారు, చెంచు అంటారు. మా యానాది పెద్దలు మనవాడే అంటారు. ఎవరి లెక్క నిజమో తేల్చడం మా పని కాదు. వేట మీద బతికే అడవి మనిషి అన్నది మాత్రం తమిళుల పెరియపురాణంలోనూ, మన ధూర్జటి కావ్యంలోనూ ఒకటే. విల్లు, వేట మాంసం, పుక్కిట నీళ్లు, లింగం కంటిలోంచి కారే నెత్తురు, తన కన్ను పెకలించి పెట్టిన చేయి, రెండో కంటి చోటు తెలియడానికి ఆనించిన కాలు. ఏ దేశం సూపర్ హీరోకైనా ఇంతకంటే సాహసం ఏముంటుంది?

ఈ వేషం సినిమాల్లో ఎవరెవరు కట్టారో చూడండి. 1954లో 'కాళహస్తి మహాత్మ్యం'లో కన్నడ నటుడు రాజ్‌కుమార్. 1976లో బాపు తీసిన 'భక్త కన్నప్ప'లో కృష్ణంరాజు. 2025 జూన్‌లో వచ్చిన 'కన్నప్ప'లో మంచు విష్ణు. డెబ్భై ఏళ్లలో మూడుసార్లు అడవి నుంచి దిగి తెర మీదికి వచ్చాడు తిన్నడు. ఒక్కసారి కూడా అడవి కులాల బిడ్డ ముఖంతో రాలేదు. ఇది మోసమని ఎవరూ అనలేదు, మేమూ అనలేదు. తెల్ల దేవుడి వేషం నల్లవాడు కడితే మార్పు అని పేరు, అడవివాడి వేషం మరొకరు కడితే దానికి పేరే లేదు.

కృష్ణంరాజు సినిమా చూసి మేము ఏడ్చాం. ఆ మాట దాచుకోం. అందులో బాపు గీసిన అడవి అందం ఇప్పటికీ కళ్లముందు ఉంది. కొత్త సినిమాకు మాత్రం కెమెరా న్యూజిలాండ్ దాకా వెళ్లింది. కాళహస్తి చుట్టూ ఉన్న గుండ్రాళ్ల గుట్టలు, ముళ్లపొదలు, ఎండిన ఏరు ఎరిగినవాళ్లకు ఆ పచ్చటి కొండలు పరాయిగానే ఉంటాయి. తిన్నడి ముఖమే కాదు, అడవి కూడా బయటినుంచి తెచ్చుకున్నారు. మాంసం పెట్టి పూజ చేసినవాడి కథలో ఆకలి కనిపించకపోతే ఇక మిగిలేది కత్తియుద్ధాలే.

అయితే నటుడి ముఖం కంటే ముందే కథలో ఒక మార్పు జరిగింది. మా అసలు అభ్యంతరం దాని మీద. 1976 సినిమాలో తిన్నడు పూర్వజన్మలో అర్జునుడు. ఈ ముడి సినిమావాళ్లు కొత్తగా వేసింది కాదు, స్థలకథల్లో ఎప్పటినుంచో ఉంది. పాశుపతం కోసం అర్జునుడు తపస్సు చేస్తాడు. శివుడు వేటగాడి రూపంలో ఎదురొస్తాడు. అర్జునుడు ఆ వేటగాణ్ని చూసి దేవుడని పోల్చుకోలేక యుద్ధానికి దిగుతాడు. తర్వాతి జన్మలో అతడే తిన్నడై పుడతాడు. కొత్త సినిమాలో ఆ కిరాతుడి వేషం మోహన్‌లాల్‌ది.

ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. కన్ను పీకి ఇచ్చేంత ప్రేమ ఒక వేటగాడికి వాడంతట వాడికే ఎందుకు ఉండకూడదు? దాన్ని నమ్మడానికి లోపల ఒక క్షత్రియుణ్ని ఎందుకు దాచిపెట్టాలి? పైన తోలు మాది, లోపల రాజు వేరొకరు. వేషం ఎవరికి ఇవ్వాలన్న నిర్ణయం ఇక్కడే, కథ చెప్పినవాడి నోట్లోనే అయిపోయింది. సినిమావాడు దాన్ని తెర మీదికి ఎక్కించాడు, అంతే. రాజును లోపల పెట్టుకున్న వేటగాడికి రాజులాంటి హీరోను వెతకడం వాడికి సహజం.

'ఆర్ఆర్ఆర్' కూడా ఈ వరుసలోదే. 2022లో ప్రపంచమంతా చూసిన సినిమా. గోండు వీరుడు కొమురం భీం వేషం జూనియర్ ఎన్టీఆర్ కట్టారు. బాగా చేశారు, కొరడా దెబ్బలు తింటూ పాడే చోట మా పిల్లలు ఊపిరి బిగబట్టారు. జోడేఘాట్‌లో 1940లో నిజాం పోలీసుల తూటాలకు ప్రాణమిచ్చిన భీం, జల్ జంగల్ జమీన్ అన్న భీం, ఆ కథలో లేడు. కల్పిత కథ అని వాళ్లు ముందే చెప్పారు కాబట్టి దాన్ని వదిలేద్దాం. రెండు సంగతులు మాత్రం వదల్లేం. చివరి పోరాటం అడవిలో జరుగుతుంది, విల్లంబులు చేతికొస్తాయి. గోండు బిడ్డ పక్కనే ఉండగా ఆ విల్లు పట్టేది రామరాజు! ఇక అంతా అయ్యాక ఏం కావాలో కోరుకోమంటే, భీం తనవాళ్లకు చదువు అడుగుతాడు. చదువు చెప్పేవాళ్లం మేము, చదువు అడగడం తప్పంటామా? అడవిని గెలిపించినవాడు చివరికి ఇచ్చేవాడుగా కాక అడిగేవాడుగా మిగిలాడు. మా బాధ అది.

ఇక్కడ ఎదురు ప్రశ్న ఒకటి వస్తుంది, న్యాయమైనదే. నటన అంటేనే తనది కానిదాన్ని మోయడం. రాజు వేషం రాజే కట్టాలంటే నాటకమే ఉండదు. నిజమే. 'జై భీమ్'లో ఇరుల స్త్రీ సెంగెణి వేషం వేసిన లిజోమోల్ జోస్ ఇరుల కాదు. సరస్సుకు తమిళనాడు వైపు ఉండే ఇరులలు మాకు దగ్గరి జనమే. ఆ సినిమా మొదట్లో పొలంలో ఎలుకలు పట్టే దృశ్యం రాగానే మా పిల్లలు "మా నాయన కూడా పడతాడు" అని అరిచారు. తమ పని తెర మీద కనిపించడం వాళ్లకు అదే మొదటిసారి. ఆ నటి ఎంతో శ్రద్ధగా చేసింది. అయినా ఆమె ఒంటికి నలుపు పూశారు. నలుపు పుట్టుకతో ఉన్న నటి దొరకలేదా అని అడిగినవాళ్లకు కోపిష్టివాళ్లని పేరొచ్చింది. దారి రెండువైపులా నడిచేదైతే మాకు పేచీ లేదు. వాళ్లు తిన్నడైనట్టు మావాడు అర్జునుడు కాగలిగితే, ఎవరు ఎవరి వేషం కట్టినా కళే. ఇప్పుడు ఆ దారి ఒకవైపే పోతోంది.

అమెరికా ఆదివాసులకూ ఇదే అనుభవం. టోంటో అనే ఆదివాసీ పాత్రను 1949 నుంచి టీవీలో మొహాక్ జాతివాడైన జే సిల్వర్‌హీల్స్ వేశాడు, అయినా అది తెల్లదొర వెనక నడిచే పాత్రే. 2013లో అదే పాత్ర సినిమాకెక్కినప్పుడు ముఖానికి రంగు పూసుకుని జానీ డెప్ వేశాడు. 2022లో 'ప్రే' వచ్చింది. అందులో కొమాంచె వేటగత్తెగా ఆంబర్ మిడ్‌థండర్ అనే ఆదివాసీ అమ్మాయి వేసింది, సినిమాను కొమాంచె భాషలో కూడా విడుదల చేశారు. ఆ అమ్మాయి ఎవరి వెనకా నడవలేదు. మన యువకులు వెతుక్కుని చూడవలసిన సినిమా అది.

సినిమావాళ్లను ఇంతగా అన్నాక మా సంగతీ చెప్పాలి. కొన్నేళ్ల కిందట మేము పనిచేసిన ఒక బడిలో వార్షికోత్సవానికి తిన్నడి నాటకం వేశాం. పిల్లల్ని ఎంపిక చేసింది మేమే. తిన్నడుగా ఊళ్లోని ఎర్రటి, పొడుగాటి పిల్లవాణ్ని నిలబెట్టాం. మాట స్పష్టంగా ఉందని చెప్పుకున్నాం. యానాది కాలనీ పిల్లలకు ఆకులు కట్టి, ముఖాలకు మసి పూసి, చుట్టూ గెంతే అడవిజనంగా పెట్టాం. మసి పూస్తుంటే నాలుగో తరగతి పాప ఒకతి అడిగింది. "మాకెందుకు సార్ మసి? మేం నల్లంగానే ఉండాం గదా."

మేము జవాబు చెప్పలేదు. పూయడం ఆపలేదు కూడా. మేమూ ఆ కాలనీలో పుట్టినవాళ్లమే అన్న మాట ఆ సాయంత్రం ఎవరికీ గుర్తు రాలేదు, మాకు తప్ప.

మరో బడికి మారాక అదే నాటకం మళ్లీ ఎత్తుకున్నాం. ఈసారి తిన్నడు యానాది పిల్లవాడు. మాట నట్టుతుంది, పద్యం అయితే అసలు రాదు. తోటి ఉపాధ్యాయులు పెదవి విరిచారు. మాంసం వండి తెచ్చే ఘట్టం దగ్గర మాకే చిక్కొచ్చింది. నోట్లో పెట్టుకుని నమిలి రుచి చూసింది దేవుడికి పెట్టడం చూసేవాళ్లకు ఎంగిలిగా, రోతగా ఉంటుందేమో, చేత్తో ఊరికే చూపించమన్నాం. మాంసం బదులు ఎండుచేప పెట్టాం.

వాడు మా మాట వినలేదు. చేప ముక్క నోట్లో వేసుకుని మెల్లగా నమిలాడు. ముల్లు నాలుకతో వేరుచేసి పక్కకు ఊశాడు. మెత్తగా అయిన ముద్దను వేళ్లతో తీసి ఆకులో పెట్టాడు. తొందర లేదు, నటన లేదు. ఎవరు నేర్పారని అడిగాం.

"మా అమ్మ తమ్ముడికి ఇట్నే పెడతాది సార్. వాడికింకా పండ్లు రాలా."