రాగిరేకుపై స్వీయనియమం: విలియం బ్లేక్ చేతిపుస్తకాలు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఆంగ్లకవి, చిత్రకారుడు విలియం బ్లేక్ (1757-1827) తన కావ్యాల్లో అధికభాగాన్ని అచ్చుకూర్పుకు అప్పగించలేదు. రాగిరేకులపై పద్యాన్నీ బొమ్మనూ కలిపి రాసి, తానే ముద్రించి, రంగులద్ది పుస్తకాలుగా కూర్చాడు. ఈ స్వీయనియమం అతని కవిత్వార్థాన్ని ఏ విధంగా ప్రభావితం చేసిందో, అందుకు అతడు చెల్లించిన మూల్యం ఏమిటో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: విలియం బ్లేక్, ఫలకముద్రణ, చేతిపుస్తకం, స్వీయనియమం, పాఠపరిష్కరణ.

1. ఉపోద్ఘాతం:
నియమం తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. అవధానంలోని నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అడ్డంకి కల్పిస్తాడు. నిరోష్ఠ్యకావ్యంలో పెదవులు కలిసే అక్షరాలను కవి తానే వదులుకుంటాడు. మొదటిది ఇతరులు పెట్టే పరీక్ష. రెండవది కవి తనకు తాను పెట్టుకునేది. బ్లేక్ నియమం ఈ రెండవ కోవకు చెందుతుంది. అయితే ఒక ముఖ్యమైన భేదం ఉంది. నిరోష్ఠ్యకవి నియమం భాషలో ఉంటుంది కనుక తాటాకు మీదైనా, అచ్చుపుస్తకంలోనైనా అది చెడదు. బ్లేక్ నియమం రాగిలో, సిరాలో, కాగితంలో ఉంది. ఆ పద్యాలను మామూలు అచ్చులోకి మార్చగానే అది కనుమరుగవుతుంది. సంకలనాల్లో బ్లేక్‌ను చదివే విద్యార్థికి అందేది సగం రచన మాత్రమే.

2. నియమ స్వరూపం:
బ్లేక్ 1772లో జేమ్స్ బసైర్ వద్ద శిష్యుడిగా చేరి, ఏడేళ్లు ఫలకాలు చెక్కే విద్య నేర్చాడు. ఆనాటి పుస్తకనిర్మాణంలో అక్షరాల కూర్పు ఒకరి పని, చిత్రఫలకం మరొకరి పని; వాటిని అచ్చువేసే యంత్రాలూ వేరు. 1783 నాటి అతని తొలి సంపుటి ‘పొయెటికల్ స్కెచెస్’ మామూలు అచ్చులోనే వచ్చింది. 1788 నాటి ప్రయోగాలతో అతడు ఈ విభజనను తోసిపుచ్చాడు. ఆమ్లాన్ని తట్టుకునే ద్రవంతో రాగిరేకుపై పద్యం రాసి, బొమ్మ గీసి, రేకును ఆమ్లానికి గురిచేశాడు. సాధారణ ఎచింగ్‌లో ఆమ్లం తొలిచిన గీతల్లో సిరా నిలుస్తుంది. ఇక్కడ ఆమ్లం తినని భాగమే ఉబ్బెత్తుగా మిగిలి సిరాను పట్టుకుంటుంది.

అచ్చులో అక్షరాలు సవ్యంగా రావాలంటే రేకుపై కుడియెడమలు తారుమారుగా ఉండాలి. దీన్ని బ్లేక్ ఎలా సాధించాడన్నది వివాదాస్పదం. కాగితంపై రాసి రేకు మీదికి ఒత్తి దించాడని రూత్వెన్ టాడ్, స్టాన్లీ విలియం హేటర్ 1947 ప్రాంతపు ప్రయోగాల ఆధారంగా భావించారు. నేరుగా రేకుపైనే తిరగేసి రాశాడని రాబర్ట్ ఎసిక్, జోసెఫ్ విస్కోమి వాదించారు. వృత్తిరీత్యా తిరగేసి రాయడం అలవడిన చేతికి రెండవదే సహజమనిపిస్తుంది. అలా చూసినప్పుడు రాయడం, గీయడం వేర్వేరు పనులు కావు. ఒకే కుంచె కదలికలో అక్షరం తోక లతగా సాగుతుంది.

3. అర్థంపై నియమ ప్రభావం:
‘ద టైగర్’ ఇందుకు చక్కని నిదర్శనం. పద్యంలోని పులి భయంకరం. సృష్టికర్తనే ప్రశ్నకు గురిచేసేంతటిది. అదే ఫలకం అడుగున ఉన్న బొమ్మలోని పులి చాలా ప్రతుల్లో సాధువుగా కనిపిస్తుంది. దీన్ని చిత్రకారుడి అశక్తతగా భావించినవారూ ఉన్నారు. కానీ పద్యం, బొమ్మ ఒకే చేతివి, ఒకే రేకువి. భయం పులిలో ఉందా, చూసేవాని ఊహలో ఉందా అన్న ప్రశ్న ఈ వైరుధ్యం నుంచే పుడుతుంది. బొమ్మ లేని పాఠంలో ఆ ప్రశ్నకు తావు లేదు.

1789 నాటి ‘సాంగ్స్ ఆఫ్ ఇన్నొసెన్స్’కు 1794లో ‘ఎక్స్‌పీరియన్స్’ భాగం చేరి ఉమ్మడి సంపుటి అయింది. ఫలకాలు విడివిడిగా ఉండటం వల్ల పద్యాల క్రమం ప్రతిప్రతికీ మారింది. ‘ద స్కూల్ బాయ్’ వంటి పద్యాలు మొదటి భాగం నుంచి రెండవ భాగానికి తరలాయి. అమాయకత్వానికీ అనుభవానికీ మధ్య స్థిరమైన గీత లేదన్న భావాన్ని పుస్తకనిర్మాణమే సూచిస్తున్నది.

4. నియమం కోరిన మూల్యం:
రాగిపై దిద్దుబాటు కష్టం. నూరు ఫలకాల ‘జెరూసలేం’లో మూడవ ఫలకంపై, పాఠకులను సంబోధించే చోట, బ్లేక్ కొన్ని మాటలను గీకివేశాడు. ఆ ఖాళీలను పూరించలేదు. డేవిడ్ ఎర్డ్‌మన్ తన పరిష్కరణలో ఆ మాటలను చాలావరకు తిరిగి రాబట్టాడు. పండితలోకానికి ఇది గొప్ప ఉపకారమే. అయినా పాఠకులపై నమ్మకం సడలిన కవి తన చేతితో చేసిన గాయం అక్కడ పూడిపోయింది. చెరిపివేత కూడా రచనలో భాగమే అయినప్పుడు పరిష్కర్త బాధ్యత ఏమిటన్నది ఆలోచించదగినది.

మరొక మూల్యం పాఠకులు. 1793 నాటి ప్రకటనపత్రంలో బ్లేక్ తన పద్ధతికి మామూలు ఖర్చులో నాలుగో వంతు కూడా కాదని చెప్పుకున్నాడు. పేద కళాకారుడు ప్రచురణకర్తపై ఆధారపడకూడదన్నది అతని ఆశయం. కానీ రేకు సిద్ధమయ్యాక కూడా ప్రతి పుటకూ సిరా అద్దాలి, అంచులు తుడవాలి, రంగులు వేయాలి. ఈ పనిలో భార్య కేథరిన్ తోడుగా నిలిచింది. పెళ్లినాడు రిజిస్టరులో పేరుకు బదులు ఇంటూ గుర్తు పెట్టిన ఆమె ముద్రణలో, రంగులద్దడంలో పాలుపంచుకుంది. ఇద్దరి చేతులతో ఎన్ని ప్రతులు సాధ్యం? ‘జెరూసలేం’ రంగుల ప్రతిని పూర్తిగా సిద్ధం చేసి, కొనేవారు దొరకడం అనుమానమేనని 1827 ఏప్రిల్‌లో జార్జ్ కంబర్లండ్‌కు లేఖ రాశాడు. ఆ ఆగస్టులో మరణించాడు. ప్రచురణకర్త నుంచి విముక్తి ఇచ్చిన నియమమే అతన్ని పాఠకులకూ దూరం చేసింది.

5. ముగింపు:
నియమం కఠినమైనంత మాత్రాన రచన గొప్పది కాదు. అది లేకపోతే పుట్టని అర్థం పుట్టినప్పుడే సార్థకం. ‘ద టైగర్’లోని వైరుధ్యం, పద్యాల వలస, పూరించని ఖాళీలు ఈ కొలతకు నిలుస్తాయి. తక్కువ ఖర్చుతో ఎక్కువమందిని చేరాలన్న ఆశయం మాత్రం నిలవలేదు. నేడు ఆ ఫలకముద్రణల ప్రతిరూపాలు తెరపై సులభంగా లభిస్తున్నాయి. బ్లేక్‌ను బోధించేటప్పుడు అచ్చుపాఠం పక్కన ఫలకాన్నీ ఉంచడం అలంకారం కాదు, పాఠనిర్ణయంలో భాగం.