మాట వినే మోడల్

ఫ్లెక్సులు, పెళ్లికార్డులు డిజైన్ చేసే మా జంక్షన్ కుర్రాళ్లు ఈ మధ్య తరచూ అడుగుతున్నారు: "అన్నా, మన బొమ్మలతో ట్రైనింగ్ ఇచ్చుకోడానికి ఏ ఏఐ మోడల్ మంచిది?" అడుగుతూనే ఫోన్ ముందుకు పెడతారు. ఒకే ప్రాంప్టుకి నాలుగు మోడళ్లు గీసిన బొమ్మలు పక్కపక్కన ఉంటాయి. కంటికి ఏది ఇంపుగా ఉంటే అదే గెలిచినట్టు. ఆ పోటీ మీద నాకు నమ్మకం లేదు. ఎందుకో చెప్పాలంటే పెడన దాకా వెళ్లాలి.

హనుమాన్ జంక్షన్ నుంచి గుడివాడ మీదుగా వెళ్తే పెడన. మచిలీపట్నం కలంకారీ పేరుతో లోకానికి తెలిసిన అద్దకానికి ఇవాళ పెద్ద కేంద్రం అదే. కాళహస్తి వాళ్లు కలంతో గీస్తే, ఇక్కడివాళ్లు టేకు చెక్కలో చెక్కిన అచ్చులతో అద్దుతారు. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద తుప్పినుము, బెల్లం ఊరిన నీళ్లతో నలుపు వస్తుంది. పటిక పట్టిన చోట ఎరుపు నిలుస్తుంది. తీగలు, పూలు, మామిడిపిందెలు ఒకదాన్నొకటి అల్లుకుపోతాయి. అచ్చులు చెక్కేవాళ్లకి కొత్త నమూనాలు గీసి చూపించడానికి ఈ అద్దకాన్ని ఒక మోడల్‌కి నేర్పాలని కూర్చున్నాను. అచ్చుల సొంతదారులు సరేనన్న గుడ్డలకే ఫొటోలు తీశాను.

నేర్పే పద్ధతి పేరు లోరా. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2021లో భాషా మోడళ్ల కోసం దీన్ని తెచ్చారు, బొమ్మల మోడళ్లకీ పనికొచ్చింది. అసలు మోడల్ జోలికి పోకుండా, దాని పక్కన చిన్న అంకెల పట్టికలు చేర్చి, వాటికే చదువు చెబుతారు. బొమ్మలు గీసే ఎస్‌డీఎక్స్‌ఎల్ అనే మోడల్ ఫైలు దాదాపు 7 జీబీ ఉంటుంది. దానికి చేసుకునే లోరా కొన్ని వందల ఎంబీ దాటడం అరుదు, పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వొచ్చు.

మొదటి వడపోత జేబుది. మన షాపుల్లో ఉండేది మహా అయితే 12 జీబీ గ్రాఫిక్స్ కార్డు. 2022లో వచ్చిన స్టేబుల్ డిఫ్యూజన్ 1.5 దాని మీద హాయిగా కూర్చుంటుంది, 2023 జులైలో వచ్చిన ఎస్‌డీఎక్స్‌ఎల్ కాస్త సర్దుకుని కూర్చుంటుంది. 2024 ఆగస్టులో జర్మనీ నుంచి వచ్చిన ఫ్లక్స్‌లో 1,200 కోట్ల పరామితులున్నాయి. ఒక్కోదానికి రెండు బైట్లు వేసుకున్నా 24 జీబీ. కుదించి ఇరికించవచ్చు గానీ రాత్రంతా కార్డు కాలుతూనే ఉంటుంది. 2025లో అలీబాబా వదిలిన క్వెన్-ఇమేజ్ 2,000 కోట్లది, అది మన షాపు కరెంటు బిల్లుకి అందే సరుకు కాదు. లైసెన్సు కూడా ముందే చదువుకోవాలి. ఎస్‌డీఎక్స్‌ఎల్‌ని వ్యాపారానికి వాడుకోనిస్తారు. ఫ్లక్స్ డెవ్ మోడల్ వ్యాపారేతర లైసెన్సుతో వచ్చింది.

రెండో పరీక్షకి ట్రైనింగే అక్కర్లేదు. అందుకే దాన్ని మిగతా పరీక్షలకంటే ముందు పెట్టమంటాను. ఈ మోడళ్లు మన ఫొటోని ఉన్నదున్నట్టు చూడవు. నిలువునా అడ్డంగా ఎనిమిదో వంతుకి కుదించి, ఆ కుదింపు మీద పనిచేసి, చివర్లో విప్పుతాయి. కుదించిన ఒక్కో గడిలో స్టేబుల్ డిఫ్యూజన్ 1.5, ఎస్‌డీఎక్స్‌ఎల్ నాలుగేసి అంకెలు దాచుకుంటే, ఫ్లక్స్ పదహారు దాచుకుంటుంది. కాబట్టి ఏమీ నేర్పకుండా గుడ్డ ఫొటోని కుదించి విప్పి చూడాలి. అక్కడే పూరేకు మీది సన్నగీత అలుక్కుపోతే, తర్వాత ఎంత నేర్పినా ఆ గీత తిరిగి రాదు. ఈ పరీక్షలో ఫ్లక్స్‌దే పైచేయి. ఎస్‌డీఎక్స్‌ఎల్‌తో పనిచేయాలంటే గుడ్డకి దగ్గరగా వెళ్లి, గీత లావుగా పడేలా ఫొటోలు తీసుకోవాలి.

మూడోది అతుకు. అద్దకంలో ఒక అచ్చు పక్కన అదే అచ్చు పడుతుంది, రెండూ కలిసిన చోటు తెలియకూడదు. 1.5, ఎస్‌డీఎక్స్‌ఎల్ లోపల పాతకాలపు కన్వల్యూషన్ పొరలున్నాయి. కుడి అంచు దాటితే ఎడమ అంచు వస్తుందని వాటికి చిన్న సెట్టింగుతో చెప్పవచ్చు, బొమ్మ దానంతటదే అతుకు లేకుండా వస్తుంది. ఫ్లక్స్ అల్లిక వేరు, ఈ కిటుకు దానిమీద నేరుగా పారదు. చీర డిజైన్లు చేసేవాడికి ఇది చిన్న తేడా కాదు. పోస్టర్లు చేసేవాడికి అసలు తేడానే కాదు.

నాలుగో పరీక్ష బట్టీ పట్టిందా, నేర్చుకుందా అన్నది. మన ఫొటోల్లో ఉన్న తీగనే మళ్లీ గీయమంటే ఏ మోడలైనా గీసేస్తుంది. అందులో లేనిది అడగాలి. నేను కొల్లేటి పెలికాన్‌ని అడుగుతాను. దాన్ని నల్ల గీతలో, చదునైన ఎరుపులో, అచ్చు మీద చెక్కడానికి వీలయ్యేలా గీసిందా? లేక ఫొటోల్లోని నెమలికే ముక్కు సాగదీసి పెట్టిందా? పోల్చేటప్పుడు ఫొటోలు, వాటికి రాసే క్యాప్షన్లు, అడిగే మాట అన్నింటికీ ఒకటే ఉండాలి. క్యాప్షన్‌లో "కలంకారీ" అని రాయను. ఆ మాట చూడగానే మోడల్ కాళహస్తినీ పెడననీ కలిపి వండిన తన పాత జ్ఞానం బయటికి తీస్తుంది. అర్థంలేని ఒక గుర్తుమాట పెట్టి, దానికే ఈ అద్దకాన్ని కట్టేస్తాను.

ఇక్కడే నా అసలు మాట. ఫ్లక్స్ గీసిన పెలికాన్ అందంగా ఉంది. రెక్కల కింద మెత్తటి నీడ, వెనకాల సాయంత్రపు వెలుగు. ఆ ప్రింటు చూసి పెడనలో అచ్చులు చెక్కే పెద్దాయన నవ్వారు. "బాగుంది బాబూ. కానీ రంగు రంగుకీ మాకు వేరే అచ్చు. ఈ నీడని ఏ చెక్కలో చెక్కమంటావు?" దాని పక్కన పెట్టి చూస్తే ఎస్‌డీఎక్స్‌ఎల్ గీసింది మొద్దుగా, చదునుగా ఉంది. ఆయన దాన్నే తీసుకుని, ఇది చెక్కొచ్చన్నారు.

పేరున్న మేస్త్రిని పెట్టుకుంటే ఇల్లు బాగానే కడతాడు, కానీ ఆయనకు నచ్చినట్టే కడతాడు. మోడళ్లూ అంతే. ఎంత గొప్పగా గీస్తే అంత గట్టి సొంత రుచి ఉంటుంది, మన కొద్దిపాటి ఫొటోలు ఆ రుచిని చెరపలేవు. పైగా ఫ్లక్స్ డెవ్ మరో మోడల్‌ని అనుకరించేలా తయారుచేసినది కాబట్టి, నేర్పడం కాస్త ఎక్కువైతే దాని నిలకడే పోతుంది. నేర్పడానికి తీసుకునే మోడల్‌లో చూడాల్సింది అందం కాదు, వినయం. అయితే నాయకుల ముఖాలతో ఫ్లెక్సు చేసేవాడికి నా సలహా తిరగబడుతుంది. వాళ్లకి నీడలూ వెలుగులూ కావాలి, కాబట్టి లైసెన్సు సంగతి చూసుకుని ఫ్లక్సే తీసుకోవాలి. తెలుగు అక్షరాల సంగతి మాత్రం అందరికీ ఒకటే. నేను వాడిన వాటిలో ఏదీ వత్తుల్ని నమ్మకంగా రాయలేదు. బొమ్మ వచ్చాక ఫొటోషాప్‌లో ఫాంటుతో వేసుకోవడమే దారి.

ఇంకొకటి ఉంది, ఏ పోలిక పట్టికలోనూ కనపడదు. స్క్రీన్ ప్రింటింగ్ వచ్చినప్పుడే పెడన డిజైన్లు చవగ్గా బయటికి పోయాయి. 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం కలంకారీ పేరుని కాపాడుతుంది, తీగ వంపుని కాదు. ఎవరిదో వెబ్‌సైటుకి ఫొటోలు ఎక్కించి ట్రైనింగ్ ఇప్పిస్తే ఆ వంపులు మన చేతిలో ఉండవు. మన కార్డు మీదే నేర్చుకునే మోడలైతే, తయారైన ఫైలుని అచ్చుల వాళ్ల చేతిలో పెట్టి, ఎవరికివ్వాలో వాళ్లనే తేల్చుకోమనవచ్చు. ఈ పనికి నా ఓటు ఎస్‌డీఎక్స్‌ఎల్‌కే. రేపు దానికంటే మంచిది వస్తే మారతాను. కానీ అది ఎంత బాగా గీస్తుందో చూసే ముందు, గీసింది చెక్కొచ్చో లేదో పెడనలో అడిగే వస్తాను.