మర్చిపోవచ్చు, పొరబడకూడదు

ఫోన్ ఎక్కడ పెట్టాడో గుర్తులేనివాణ్ని మనం 'గజినీ' అంటాం. పెద్ద అంబర్‌పేట్‌లో మా వీధి పిల్లలు కూడా అంటారు, సినిమా చూడకపోయినా. 2005లో ఎ.ఆర్. మురుగదాస్ తమిళంలో తీసి, తెలుగులోకి డబ్ అయిన ఆ సినిమా మతిమరుపుకి మారుపేరైపోయింది. నిజానికి అందులో హీరో పేరు గజిని కాదు, సంజయ్ రామస్వామి.

దీనికి మూలం క్రిస్టఫర్ నోలన్ 'మెమెంటో' (2000) అని తెలిసిందే. పోలరాయిడ్ ఫొటోలు, ఒంటి మీద పచ్చబొట్లు, చంపబడ్డ మనిషి కోసం పగ, అన్నీ వచ్చాయి. రానిది ఒక్కటే: అనుమానం.

మెమెంటోలో రంగుల సీన్లు వెనక్కి నడుస్తాయి, నలుపు తెలుపువి ముందుకి. చివర్లో రెండూ కలుస్తాయి. ఇది ఊరికే చేసిన గారడీ కాదు. కాసేపటి క్రితం ఏం జరిగిందో లియొనార్డ్‌కి గుర్తుండదు, ఆ సీన్ ఇంకా రాలేదు కాబట్టి మనకీ తెలీదు. చేతిలో ఉన్న చీటీని నమ్మడం తప్ప ఇద్దరికీ వేరే దారి లేదు. అలా నమ్మించాక, ఆ చీటీ ఎలా పుట్టిందో నోలన్ చూపిస్తాడు. (ఇన్నేళ్లయింది కాబట్టి ముగింపు చెప్పేస్తున్నా.) టెడ్డీ చెప్పిన మాట మింగుడుపడక, లియొనార్డే తనకోసం ఒక తప్పుడు ఆధారం రాసుకుంటాడు. రాసిన సంగతి మర్చిపోతానని తెలిసే రాసుకుంటాడు.

గజినిలోనూ కథ ముందూ వెనకా అవుతుంది. కానీ గతమంతా డైరీల్లోంచి వస్తుంది, డైరీలో ఉన్నది నిజమేనా అన్న సందేహం ఎవరికీ రాదు. మా భాషలో చెప్పాలంటే అది నమ్మదగిన లాగ్ ఫైల్. ఆధారాలు చెరిపేసేది విలన్, హీరో కాదు. లియొనార్డ్ మాత్రం తన లాగ్ తనే మార్చుకున్నవాడు. అందుకే సంజయ్‌ని చూస్తే జాలేస్తుంది, లియొనార్డ్‌ని చూస్తే భయమేస్తుంది. అలాగని ఆ జాలి చౌకబారుది కాదు. మెమెంటోలో భార్య దాదాపు ఒక నీడ. గజినిలో కల్పన (అసిన్) నవ్వే, అబద్ధాలాడే, పక్కవాళ్ల కష్టానికి పరిగెత్తే మనిషి. ఏం పోయిందో మనకి తెలుసు.

ఆ అనుమానాన్ని తెలుగులో ధైర్యంగా ముట్టుకున్నది సుకుమార్ '1: నేనొక్కడినే' (2014). గౌతమ్ ఒకణ్ని చంపానని పోలీసుల దగ్గర లొంగిపోతాడు. తీరా వీడియో చూస్తే అక్కడ ఎవరూ లేరు, అతనొక్కడే గాలితో కొట్లాడుతున్నాడు. సంక్రాంతికి వచ్చిన సినిమాలో మహేష్‌బాబు గుద్దు గాలికి తగలడం చిన్న విషయం కాదు. కానీ చివరికి తల్లిదండ్రులు నిజం, హంతకులు నిజం అని తేలిపోతుంది. మనం దిగులు లేకుండా ఇంటికొస్తాం.

మన హీరోకి మర్చిపోయే హక్కుంది, పొరబడే హక్కు లేదు. పగ తీరాలంటే పగకి కారణం నిజమై తీరాలి, లేకపోతే మనం కొట్టిన చప్పట్లకి మనమే జవాబు చెప్పుకోవాలి. థియేటర్ బయట సంగతి అలా ఉండదు. అన్నదమ్ముల పొలం గొడవైనా, తెగిపోయిన స్నేహమైనా రెండు పక్షాలూ 'నాకు బాగా గుర్తుంది' అనే అంటాయి. ఇద్దరిలో ఒకరి చీటీ తప్పు. ఆ చీటీ రాసుకున్నది తనే అని తెలుసుకునే హీరోతో ఎవరైనా తెలుగులో సినిమా తీస్తే, మొదటి ఆటకి నేను రెడీ.