ఓక్ పీపాలో ఏడాది

అమెరికాలో ఒక విస్కీ బోర్బన్ అనిపించుకోవాలంటే దాన్ని కొత్త ఓక్ పీపాలోనే నిలవ చేయాలి. ఆ పీపా లోపలి గోడను ముందే బొగ్గయ్యేలా కాల్చి ఉండాలి. చట్టమే అలా ఉంది. ఒకసారి విస్కీ దించేశాక ఆ పీపా బోర్బన్‌కు మళ్లీ పనికిరాదు. దశాబ్దాలు పెరిగిన తెల్ల ఓక్ చెట్టును కోసి, పలకలు వంచి, మేకు గానీ జిగురు గానీ వాడకుండా ఇనుప పట్టీలతో బిగించిన 200 లీటర్ల పీపా ఒకే ఒక్క వాడకంతో కెంటకీ గిడ్డంగి దాటేస్తుంది. చాలా పీపాలు స్కాట్లండ్ చేరి అక్కడి విస్కీని మోస్తాయి. కొన్ని బీరు కాచేవాళ్ల చేతికొస్తాయి. ఈ వారం నేను రాయదలచుకున్నది ఆ కొన్నింటి గురించే.

నేనుండే షికాగోకు ఈ కథలో పెద్ద చోటుంది. జాన్ హాల్ ఇక్కడ 1988లో గూస్ ఐలాండ్ అనే బ్రూపబ్, అంటే తన బీరు తానే కాచి అమ్మే పబ్, తెరిచాడు. 1990ల మధ్యలో ఆయన కొడుకు గ్రెగ్ హాల్‌కు ఒక విందులో బోర్బన్ తయారుచేసే జిమ్ బీమ్ కుటుంబానికి చెందిన బుకర్ నో తారసపడ్డాడు. ఆ పరిచయంతో గ్రెగ్ ఖాళీ బోర్బన్ పీపాలు తెప్పించి వాటిలో ఇంపీరియల్ స్టౌట్ అనే చిక్కటి నల్లటి బీరు నింపాడు. అదే బోర్బన్ కౌంటీ స్టౌట్. అప్పటికి బీరు పోటీల్లో అలాంటిదానికి ఒక విభాగం కూడా లేదు. ఇప్పుడు అమెరికాలో ఎన్నో క్రాఫ్ట్ బ్రూవరీల్లో, అంటే చిన్న స్వతంత్ర బ్రూవరీల్లో, పీపాలు కనిపిస్తాయి. 2011లో గూస్ ఐలాండ్‌ను బీరు దిగ్గజం ఆన్‌హైజర్-బుష్ ఇన్‌బెవ్ కొనేసింది కాబట్టి దాన్ని క్రాఫ్ట్ అనకూడదనే వాళ్లున్నారు. వాళ్ల బాధ నాకు తెలుసు, అందులో న్యాయమూ ఉంది. అయినా ఏటా థాంక్స్‌గివింగ్ మర్నాడు, శుక్రవారం పొద్దున్నే, గడ్డకట్టే చలిలో ఆ సీసా కోసం జనం వరసలో నిలబడటం చూస్తే ముచ్చటేస్తుంది.

పీపా ఏం చేస్తుందో నాకు బాగా అర్థమైంది ఒక వడ్రంగి దగ్గర. ఆయన పాత పీపాలు విప్పి బల్లలు, కుర్చీలు చేస్తాడు. ఒక పలకను అడ్డంగా కోసి నా చేతికిచ్చాడు. లోపలివైపు మొసలి వీపులా పగుళ్లు తేలిన నల్లటి బొగ్గు. గోకితే వేలికి అంటుకుంటుంది. దాని కింద ముదురు గోధుమరంగు పొర, చెక్కలోని చక్కెరలు మాడి పాకం పట్టింది అక్కడే. ఇంకొంచెం లోపలికి చూస్తే పలక పొడవునా ఒక సన్నని ఎర్రటి గీత. విస్కీ ఎంత లోతుకు ఇంకిందో ఆ గీత చెబుతుంది. ఎండాకాలం వేడికి విస్కీ ఉబ్బి చెక్కలోకి దూరుతుంది, చలికాలంలో వెనక్కి వస్తుంది. ఏళ్ల తరబడి ఇలా వెళ్లొస్తూ రంగు, వాసన తెచ్చుకుంటుంది. పీపా ఖాళీ చేశాక కూడా కొన్ని లీటర్ల విస్కీ ఆ గీత దాకా చెక్కలోనే ఉండిపోతుంది. తర్వాత పోసిన బీరు దాన్ని మెల్లగా లాక్కుంటుంది. బీరు ఘాటు పెరగడానికి కారణం అదే. షికాగో ఎండలూ చలీ కెంటకీకి ఏమీ తీసిపోవు కాబట్టి ఆ రాకపోకలు ఇక్కడ కూడా సాగుతాయి.

ఇక నా గ్లాసులోని బోర్బన్ కౌంటీ దగ్గరికి వద్దాం. అర లీటరు సీసా, సుమారు 14 శాతం ఆల్కహాలు. మనవైపు దొరికే 5 శాతం బీరు పెద్ద సీసాలు రెండు కలిపినా అందులో ఉండే ఆల్కహాలు ఇంతకంటే తక్కువే. అందుకని ఇది నలుగురు కూర్చుని తలా కాస్త పంచుకునే సీసా. ఫ్రిజ్‌లోంచి తీసి ముప్పావుగంట బయట పెడతాను. 13 డిగ్రీల దగ్గర దానికి ప్రాణమొస్తుంది. మూతి దగ్గరికి వచ్చిన చిన్న గ్లాసు వాడతాను, లేకపోతే వాసన గాల్లో కలిసిపోతుంది.

పోస్తున్నప్పుడు బీరు పోస్తున్న చప్పుడు కాదు, ఇంకా బరువైనదేదో పోస్తున్న చప్పుడు వస్తుంది. ముదురు గోధుమరంగు నురగ ఒక వేలు మందాన లేచి నిమిషంలో పోతుంది. అంత ఆల్కహాలులో నురగ నిలవదు. గ్లాసు తిప్పితే అద్దం మీద సన్నని ధారలు నిదానంగా జారతాయి. మొదట ముక్కుకు తగిలేది మాడిన మాల్ట్, కాఫీ గింజ, ఆ వెనకే విస్కీ ఘాటు. అప్పుడే తాగేయకూడదు. పది నిమిషాలు ఆగితే ఎండుకొబ్బరి పైకొస్తుంది. ఓక్‌లో ఉండే లాక్టోన్ల వాసన అది. యూరప్ ఓక్‌లో కంటే అమెరికా ఓక్‌లో ఇవి ఎక్కువ. ఆ తర్వాత వెనిల్లా, చెక్కలోని లిగ్నిన్ కాలినప్పుడు పుట్టింది. శ్రద్ధగా వెతికితే లవంగం దొరుకుతుంది, ఎందుకంటే లవంగంలో ఉండే యూజినాలే ఓక్‌లోనూ ఉంది. అట్టడుగున తాటిబెల్లం, గింజ తీసిన ఖర్జూరం. ఇవి మాత్రం చెక్కవి కావు, మాల్ట్‌వి.

నోట్లో పెట్టుకుంటే ముందు తీపి. అది నాలుక మీద పరుచుకునేలోపే మాడిన చేదు, దాని వెంట హాప్స్ చేదు వచ్చి అదుపు చేస్తాయి. గొంతు దిగాక ఛాతీలో వెచ్చదనం. అన్నిటికంటే చివర, చిగుళ్ల పక్కన, వగరు. నాకు ఎక్కువ ఇష్టమైన ఘట్టం అదే. టానిన్ తెచ్చే ఆ వగరు లేకపోతే ఈ బీరు పానకమైపోతుంది. రెండో గుక్క తాగాలనిపించేది దాని వల్లే.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇప్పుడు మార్కెట్లోకి వస్తున్న పీపా బీర్లలో చాలావాటికి బోర్బనే తప్ప ఓక్ తెలియడం లేదు. విస్కీ తడి ఆరని పీపాలో తొందరగా నింపి, తొందరగా తీసి, కొబ్బరీ వెనిల్లా చాలకపోతే అవి కూడా విడిగా కలిపి అమ్ముతున్నారు. మొదటి గుక్క అద్భుతం. గ్లాసులో అరగంట ఉంచితే విస్కీ ఆవిరి పోతుంది, కింద బీరేమీ మిగలదు. నాకు ఈ అరగంటే పరీక్ష. పీపా గొప్పతనం అది ఇచ్చే వాసన కాదు, అది పట్టించే కాలం. చెక్క సందుల్లోంచి గాలి అతి కొద్దిగా లోపలికి వస్తూ పదునుగా ఉన్న రుచుల అంచులను అరగదీస్తుంది. ఆ పనికి నెలలు కావాలి, దగ్గరదారి లేదు. పొద్దున దించిన తాటికల్లును పులిసేలోపు తాగే ఊరి నుంచి వచ్చినవాణ్ని కనుక ఇంతకాలం ఆగే పానీయం మీద నాకు గౌరవం ఇంకా ఎక్కువ.

కాలంతో పాటు ప్రమాదం కూడా వస్తుంది. చెక్కను స్టీలు ట్యాంకులా కడిగి శుద్ధి చేయలేం. 2015 బోర్బన్ కౌంటీ సీసాలు కొన్ని పులిశాయి. లాక్టోబాసిల్లస్ అసిటోటోలరన్స్ అనే సూక్ష్మజీవి దొరికింది, కొన్నవాళ్లకు కంపెనీ డబ్బు తిరిగిచ్చింది, మరుసటి ఏడాది నుంచి బీరును క్షణకాలం వేడిచేసి పాశ్చరైజ్ చేయడం మొదలుపెట్టింది. అయితే ఒకప్పటి ఇంగ్లండులో ఇలాంటి జీవులనే కోరి ఉంచుకున్నారు. అక్కడి పాత నిలవ ఏల్‌కు ఆ ప్రత్యేకమైన వాసన తెచ్చే ఈస్ట్‌ను కార్ల్స్‌బర్గ్ శాస్త్రవేత్త క్లౌసెన్ 1904లో లోకానికి వివరించాడు, బ్రెట్టనోమైసిస్ అని పేరు పెట్టాడు. నాటి బ్రిటిష్ బ్రూవర్లు అమెరికా ఓక్‌ను దగ్గరికి రానిచ్చేవారు కాదు, బీరుకు చెక్క రుచి అంటుతుందని. బాల్టిక్ తీరపు ఓక్‌ను ఏరి కొనేవారు. ఇవాళ మనం డబ్బిచ్చి కొంటున్న కొబ్బరి వాసనను వాళ్లు దోషం అనుకున్నారు.

ఆ పాత పద్ధతికి మిగిలిన ఆనవాలు ఇంగ్లండులోని సఫోక్ జిల్లా బెరీ సెయింట్ ఎడ్మండ్స్‌లో ఉండేది. గ్రీన్ కింగ్ బ్రూవరీ అక్కడ ఓల్డ్ ఫైవ్ ఎక్స్ అనే 12 శాతం ఏల్‌ను పెద్ద ఓక్ తొట్లలో కనీసం రెండేళ్లు ఉంచేది. బయటి ఈస్ట్ దూరకుండా తొట్టి మూతల మీద సఫోక్ సున్నపుమట్టి పరిచే ఆచారం ఉండేది. అలా ఊరిన ఏల్‌ను 5 శాతం ఆల్కహాలున్న తాజా ఏల్‌తో కలిపితే స్ట్రాంగ్ సఫోక్ అయ్యేది. స్ట్రాంగ్ సఫోక్ తాగితే ఓక్ ఎక్కడా కనిపించదు. ఎండుద్రాక్ష, ఇనుము, సన్నని పులుపు, ముగింపులో పొడిదనం. చెక్క తన వాసన ఇవ్వకుండా తన పని చేసిందన్నమాట. ఆ గ్లాసు తర్వాత షికాగో సీసాను నేను వేరేగా రుచి చూడటం మొదలుపెట్టాను.

బోర్బన్ పీపా బీరులోనూ ఆ నిదానం రాబట్టుకోవచ్చు, కొన్న రోజే తెరవకుండా ఉంటే చాలు. సీసాను నిలబెట్టి, వెలుతురు తగలని చల్లటి చోట ఉంచాలి. ఏడాదికి ఆల్కహాలు పదును తగ్గుతుంది. రెండో ఏటికి కొబ్బరి వెనక్కి తగ్గి ఖర్జూరం, అంజీర ముందుకొస్తాయి. మరీ ఎక్కువకాలం ఉంచితే బీరు పలచబడి, తడిసిన అట్ట వాసన మొదలవుతుంది. అందుకే మా ఇంట్లో మూడో ఏడు నడుస్తున్న సీసా బయటికి తీస్తాం, పక్కన ఉప్పు వేసి వేయించిన జీడిపప్పు, ఒక ముక్క స్టిల్టన్ చీజ్ పెట్టుకుంటాం. మిఠాయి వద్దు, తీపి మీద తీపి పడితే ఆ వగరు చచ్చిపోతుంది.